స్వీటు షాపులో డబ్బా బరువు తీసి జోకించుకునుడు ఎట్ల

పోయిన దసరాకు ముందు మా బిడ్డకు ఒడిబియ్యం పోసినం. చుట్టాలకు పంచడానికి హన్మకొండలో ఒక షాపుల 12 కిలోల లడ్డు తీసుకున్న, కిలో కిలో డబ్బాలల్ల కట్టిచ్చి. కిలో 600 రూపాయలు. ఇంటికొచ్చినంక ఒక డబ్బాలోని లడ్డూలు స్టీలు గిన్నెల పెడుతుంటే, ఖాళీ అట్టడబ్బా చేతికి బరువుగ తగిలింది. కాంటా మీద పెట్టి చూసిన. 90 గ్రాములు. లడ్డు 910 గ్రాములే ఉన్నది. పన్నెండు డబ్బాలకు లెక్క కడితే 1,080 గ్రాములు. అంటే కిలోకు పైన అట్టడబ్బాలనే, 648 రూపాయలు పెట్టి లడ్డు ధరకు కొన్న.

మా నాయిన మిర్చి పండించేటోడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల బస్తా జోకినంక సంచి బరువు తీసేసి పైసలు లెక్క కట్టేటోళ్లు. అది న్యాయమే, గోనెసంచిని మిర్చి ధరకు ఎవరు కొంటరు? కానీ రైతు అమ్మేటప్పుడు సంచి బరువు తీసి, ఆ రైతు బిడ్డ కొనేటప్పుడు డబ్బా బరువు కలిపితే నాకు మింగుడుపడలే. అప్పటినుంచి ఎక్కడ కొన్నా డబ్బా తీసి జోకమనే అడుగుతున్న. ఎట్ల అడగాలో, ఏం చూడాలో చెప్త.

ముందుగాల ఒక మాట. స్వీటు డబ్బాల పెట్టకముందే అడగాలె. నింపి, మూత పెట్టి, రబ్బరు వేసినంక అడిగితే కౌంటర్ మీది పిలగానికి పని రెండింతలైతది, విసుక్కుంటడు. "తమ్మీ, ఖాళీ డబ్బా కాంటా మీద పెట్టి సున్నా చెయ్, తర్వాత నింపు" అని మామూలుగ చెప్పండి. ఎలక్ట్రానిక్ కాంటాకు 'టేర్' అనే బటన్ ఉంటది, అది ఇందుకోసమే. ఖాళీ డబ్బా పెట్టి ఆ బటన్ ఒత్తితే 0.090 పోయి 0.000 కనబడతది. ఇంక అక్కడినుంచి ఎక్కేదంతా లడ్డు బరువే.

బటన్ ఒత్తిండో లేదో మనకు కనబడకపోతే ఎట్ల? తూకం అయినంక డబ్బాను కాంటా మీదినుంచి తియ్యంగనే అంకె చూడండి. డబ్బా బరువు తీసి జోకితే చాలా కాంటాల మీద మైనస్ గుర్తుతోని -0.090 అట్ల కనబడతది. సున్నా కనబడితే డబ్బా లడ్డుతోని కలిసి జోకినట్టే అని అనుమానపడాలె. కొన్ని కాంటాలు వాటంతట అవే సున్నాకు వస్తయి కాబట్టి, అప్పుడు కొట్లాడకుండ "ఒక ఖాళీ డబ్బా జోకి చూపియ్" అని అడగండి. రెండు సెకన్ల పని.

కాంటాకు కొనేటోళ్ల దిక్కు కూడా అంకెలు కనబడాలె. మిఠాయి పళ్లాలు అడ్డం పెడితే జరపమనండి. ఏమీ పెట్టకముందు సున్నా ఉన్నదా అన్నది కూడా చూసుకోవాలె. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ ఏటేటా ముద్ర వేస్తది, ఆ సర్టిఫికెట్ షాపుల కనబడేటట్టు పెట్టాలె.

ఇంకోటి, కాంటా మీద అతికిచ్చిన చిన్న పట్టీ చదవండి. 30 కిలోల కాంటా అయితే మామూలుగ కనీస తూకం 100 గ్రాములు అని రాసి ఉంటది. 50 గ్రాముల యాలకులో, కుంకుమ పువ్వో అటువంటి కాంటా మీద జోకితే ఆ అంకెను నమ్మలేం. చిన్న కాంటా మీద జోకమనాలె.

సకినాలకు ఈ సంగతి ఇంకా ఎక్కువ పట్టించుకోవాలె. విరుగుతయని మందపు డబ్బాలల్ల, ప్లాస్టిక్ జారులల్ల పెడతరు, అవి లడ్డు డబ్బా కంటే బరువు. సకినాలేమో తేలిక. సారెకు ఫోన్ల ఆర్డర్ ఇచ్చేటప్పుడు "డబ్బా కాకుండ కిలో" అని ముందే అనండి, బిల్లు మీద అట్లనే రాయమనండి. నేనైతే ఇప్పుడు ఇంటినుంచి స్టీలు డబ్బానే తీసుకపోతున్న. దాన్ని కూడా ముందు పెట్టి సున్నా చేయించాలె, మరిచిపోవద్దు.

షాపాయన ఒప్పుకోకపోతే? "అందరం ఇట్లనే జోకుతం అక్కా" అంటరు. పిలగాని మీద కోపం చేయకండి, వాడు చెప్పింది చేసేటోడు. గల్లాపెట్టె దగ్గర కూసున్నాయనతోని మాట్లాడండి. పైసలు తీసుకున్న తూకం కంటే తక్కువ ఇవ్వడం 2009 తూనికలు కొలతల చట్టం కింద నేరమని నెమ్మదిగ చెప్పండి. నేను రెండోసారి అదే షాపుకు పోయి ఇట్ల అడిగితే ఆయన ఏమనలే, పిలగానికి సైగ చేసిండు. నా వెనుక నిలబడ్డ ఒకామె "నాకూ గట్లనే జోకు బిడ్డా" అన్నది. ఆ మాటకు నాకు చానా సంబురమైంది.

అప్పటికీ వినకపోతే ఖాళీ డబ్బాను కాంటా మీద పెట్టిచ్చి ఫోటో తీయండి, బిల్లు తీసుకోండి. బిల్లు ఇయ్యకపోవడం కూడా 2019 వినియోగదారుల చట్టంల తప్పే. వినియోగదారుల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడొచ్చు. వినియోగదారుల కమిషన్ల కేసు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేండ్ల లోపల వేయాలె.

ఎవరిమీదన్నా ఫిర్యాదు చేసేముందు మీ ఇంట్ల కాంటా సరిగ్గ ఉన్నదా చూసుకోండి. ఖాళీ సీసా జోకి, అండ్ల సరిగ్గ లీటరు నీళ్లు పోసి మళ్లీ జోకండి. రెండింటికీ నడుమ కిలో తేడా రావాలె. వచ్చిందంటే, ఇగ ఆ స్వీటు డబ్బా ఖాళీ చేసి దాని మీద పెట్టండి.