టోకెన్ ఇచ్చే ముందు అడగవలసిన మాటలు

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే విజయవాడ, గుంటూరు పరిసరాల్లో స్థలాల బేరాలు ఊపందుకుంటాయి. మంచిరోజు దాటిపోతుందన్న తొందరలో చాలామంది బ్రోచరులోని మాటలను నమ్మి టోకెన్ (బేరం ఖాయం చేసుకునే తొలి సొమ్ము) ఇచ్చేస్తారే తప్ప, ఆ మాటలకు కాగితం మీద ఉన్న విలువ ఎంతో ఆరా తీయరు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ‘అప్రూవ్డ్’ అన్న మాట. సీఆర్డీఏ అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ. ‘సీఆర్డీఏ ప్రపోజ్డ్’ అంటే దాని అనుమతికి దరఖాస్తు పెట్టారనో, పెట్టబోతున్నారనో మాత్రమే అర్థం. అనుమతి వచ్చిందని కాదు. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్నదాన్నీ అంత తేలిగ్గా నమ్మకూడదు, ఎందుకంటే సీఆర్డీఏ పరిధిలోని గ్రామంలో పంచాయతీ తనంతట తానే లేఅవుట్‌ను (ప్లాట్లుగా విభజించిన ప్లానును) ఆమోదించజాలదు. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు అడిగి తీసుకుని, ఆమోదించిన ప్లానులో మీ ప్లాటు నంబరు, రోడ్డు వెడల్పు, పార్కుకు వదిలిన స్థలం అమ్మేవారు చూపిస్తున్నట్టే ఉన్నాయో లేదో దగ్గర పెట్టుకుని పోల్చుకోవాలి. ‘ప్రీ లాంచ్ ధర’ అని వినిపిస్తే తగ్గింపు సంగతి పక్కన పెట్టి ముందు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు చేయించవలసిన ప్రాజెక్టుకు ఆ నమోదు జరగకముందే ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం కూడదు. ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోవడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది.

‘ఈసీ క్లియర్‌గా ఉంది’ అన్న మాట నిజమే కావచ్చు, కానీ సగం నిజమే. ఈసీలో, అంటే ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, అన్నదమ్ముల నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించకపోవచ్చు. అందుకే ఈసీతో పాటు లింకు డాక్యుమెంట్లన్నీ (ఆ ఆస్తి పాత దస్తావేజులు) తెప్పించుకుని, ఒక్కొక్క చేతి నుంచి తర్వాతి చేతికి హక్కు ఎలా వచ్చిందో న్యాయవాది చేత చదివించాలి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడటం మరవకూడదు. ‘అసైన్డ్’ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అన్న మాట వినిపిస్తే, అలాంటి భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టానికి తర్వాత వచ్చిన సడలింపులు ఆ భూమికి వర్తిస్తాయో లేదో తేలేదాకా రూపాయి ఇవ్వవద్దు.

‘జీపీఏ మీద ఇస్తాం, ధర తక్కువ’ అనేవారూ ఉంటారు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే ఒకరి తరఫున పనులు చక్కబెట్టే అధికారమే గాని యాజమాన్యం కాదు. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు లేకుండా కేవలం జీపీఏ మీద జరిపే అమ్మకం వల్ల హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

కొలతల్లో సెంటుకు 48.4 గజాలు, గజానికి 9 చదరపు అడుగులు. ఫ్లాటుకైతే మెట్లు, వరండాల వంటి ఉమ్మడి స్థలాలు కలిపిన సూపర్ బిల్టప్ లెక్క కాక, ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో, భూమిలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోవాలి. అడ్వాన్సు చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు.

చివరిది కాగితాల్లో దొరకని మాట, ‘మెరక’. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలోని అజిత్ సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వేసవిలో మట్టి తోలి చదును చేసిన స్థలం ఎక్కడైనా మెరకగానే కనిపిస్తుంది కాబట్టి, గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లి చూసి, ఆ చుట్టుపక్కల పాతకాపులను నీరు ఎంతవరకు వచ్చిందో అడిగి తెలుసుకోండి.