కొత్త పార్కా, ఉన్న పార్కు విస్తరణా: థీమ్ పార్కు రిసార్టు తేల్చుకోవలసిన తీరు

కొత్త పార్కు కట్టాలా, ఉన్నదాన్ని పెంచాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది ముందుగా చేతిలో ఉన్న భూమిని కొలుస్తారు. అది సరైన ఆరంభం కాదు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు సుమారు 25,000 ఎకరాలు ఉన్నప్పటికీ, 1998లో నాలుగోదైన యానిమల్ కింగ్‌డమ్ తెరిచిన తరువాత అక్కడ ఐదో థీమ్ పార్కు వెలవలేదు. లెక్కను భూమితో కాకుండా, వచ్చిన కుటుంబం ఎన్ని రాత్రులు ఉంటుందన్న దానితో మొదలుపెట్టాలి.

రిసార్టుకు ప్రవేశ టికెట్‌తో పాటు హోటల్ గది, భోజనం, బొమ్మలూ దుస్తుల అమ్మకం కూడా ఆదాయమే. పైగా ఎక్కువ రోజుల టికెట్ కొన్నవారికి రోజుకు పడే ధర తగ్గుతూ పోతుంది కనుక, నాలుగో పార్కు చూసినవాడు నాలుగో టికెట్ పూర్తి ధర చెల్లించినట్లు కాదు. కాబట్టి మూడు రోజులకని వచ్చిన కుటుంబం కొత్త పార్కు కోసం మరో రాత్రి ఆగుతుందా, లేక అవే మూడు రోజులను నాలుగు పార్కులకు పంచుతుందా అన్నది ముందుగా తెలుసుకోవాలి. పంచితే విస్తళ్లు పెరిగాయే గాని వంట పెరగలేదని అర్థం. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఫ్లోరిడాలో ఈ పార్కులున్న ఓర్లాండో తీసుకువెళ్లేటప్పుడు చూడండి: ముందు సెలవులు ఖాయమవుతాయి, పార్కుల ఎంపిక ఆ తరువాతే. అందుచేత గది ఖాళీ చేసి వెళ్లేవారిని ఏది నచ్చిందని అడగడం కంటే, ఏది చూడకుండా వెళుతున్నారో, ఎందుకు ఆగలేకపోతున్నారో అడగడం ఎక్కువ ఉపయోగకరం.

తరువాత ఉన్న పార్కు ఎంత మందిని మోయగలదో లెక్కించాలి. 24 మంది కూర్చునే రైలు నిమిషానికొకటి బయలుదేరితే ఆ రైడ్ గంటకు 1,440 మందిని తిప్పుతుంది. ఇలాగే అన్ని రైడ్‌లనూ ప్రదర్శనలనూ కలిపితే గంటకు 30,000 సీట్లు వచ్చాయనీ, రద్దీ రోజున లోపల 25,000 మంది ఉన్నారనీ అనుకుందాం. మనిషికి గంటకు 1.2 సీట్లు దక్కుతాయి. ఇది ఒకటికి తగ్గితే సందర్శకుడి రోజంతా క్యూలోనే గడుస్తుందని నా అంచనా. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత రైడ్‌కు కొత్త కథ తొడిగితే సీట్లు పెరగవు. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో స్ప్లాష్ మౌంటెన్ అనే పడవ రైడ్ 2024లో డిస్నీ సినిమా రాకుమారి టియానా కథతో మళ్లీ తెరుచుకుంది గాని నీటి కాలువ పాతదే. అది నవీకరణ, విస్తరణ కాదు.

రిసార్టులో ఇప్పటికే అరకొరగా కట్టిన పార్కు ఉంటే మరో పార్కు ఆలోచనను పక్కన పెట్టడమే మంచిది. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ పార్కింగ్ స్థలంలో 2001లో తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌ను పొదుపుగా కట్టారు. పక్కనే ఉన్న డిస్నీల్యాండ్‌ను వదిలి జనం దానికి రాలేదు. చివరకు 2007లో 100 కోట్ల డాలర్లకు పైబడిన మరమ్మతు ప్రకటించి, 2012లో కార్స్ సినిమా ఆధారంగా 12 ఎకరాల కార్స్ ల్యాండ్ తెరిచిన తరువాతే అది నిలదొక్కుకుంది. పారిస్ డిస్నీల్యాండ్‌లోనూ అదే కథ. ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందపు గడువు తరుముతుండగా 2002లో కొద్దిపాటి ఆకర్షణలతో తెరిచిన రెండో పార్కు స్టూడియోస్‌కు, 2018లో 200 కోట్ల యూరోల విస్తరణ ప్రకటించవలసి వచ్చింది. యానిమల్ కింగ్‌డమ్‌ను కూడా జనం చాలాకాలం సగం రోజు పార్కు అనే అనేవారు. 2017లో అవతార్ సినిమా లోకాన్ని చూపే పండోరా విభాగం వచ్చాక చీకటి పడ్డాక కూడా అక్కడ ఉండడానికి ఒక కారణం దొరికింది.

అలాగని విస్తరణ అన్నిచోట్లా సరైన జవాబు కాదు. ప్రవేశ ద్వారం, దారులు, పార్కింగ్ ఇప్పటికే కిక్కిరిసి ఉంటే కొత్త ఆకర్షణ మరింత మందిని అదే ఇరుకులోకి లాగుతుంది. ఈ చిక్కుకు యూనివర్సల్ ఓర్లాండో చూపిన పరిష్కారం నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోస్తుంది. 2010లో తన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో తెరిచిన హ్యారీ పాటర్ విభాగానికి జనం విరగబడ్డారు. దాని రెండో భాగాన్ని 2014లో పక్క పార్కులో కట్టి, రెండింటినీ రైలుతో కలిపి, ఆ రైలు ఎక్కాలంటే రెండు పార్కుల టికెట్ ఉండాలన్నారు. కొత్త పార్కు కట్టకుండానే టికెట్ ఆదాయం పెరిగింది, జనమూ రెండుచోట్లకు సర్దుకున్నారు.

ఆ దశ దాటాకే యూనివర్సల్ మూడో థీమ్ పార్కుకు వెళ్లింది. 2019లో ప్రకటించిన ఎపిక్ యూనివర్స్ పనులు 2020లో ఆగి, 2021లో తిరిగి మొదలై, పార్కు 2025 మే 22న తెరుచుకుంది. దానితో పాటే మూడు హోటళ్లలో 2,000 గదులు వచ్చాయి. పార్కుతో పాటు గదులు లేకపోతే అదనపు రాత్రి ఊరిలోని ఇతర హోటళ్ల పాలవుతుంది. కొత్త పార్కుకు వేరే ద్వారం, వంటశాలలు, భద్రత, పారిశుద్ధ్య సిబ్బంది కావాలి. జనం పలచగా ఉన్న రోజున కూడా ఆ జీతాలు తప్పవు.

విస్తరణతో గదులు రావనుకోవడం కూడా పొరపాటే. టోక్యో డిస్నీ రిసార్టు మూడో పార్కుకు బదులు, తన రెండో పార్కైన డిస్నీసీలో సుమారు 32,000 కోట్ల యెన్‌లతో 2024 జూన్‌లో ఫాంటసీ స్ప్రింగ్స్ విభాగాన్ని తెరిచింది, అందులోనే 475 గదుల హోటల్ కట్టింది. స్థలం కోసం అది కూడా పార్కింగ్‌నే వాడుకుంది. కాబట్టి ప్రణాళిక గీసేటప్పుడు పార్కింగ్ స్థలాన్ని శాశ్వతమైన కట్టడాలతో నింపకుండా, బస్సు దారినీ మురుగు కాలువలనూ దాని అంచుల వెంటే నడిపించాలి.