గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ లీగ్ మ్యాచ్‌లను వారం వారం విశ్లేషించడం ఎలా?

జనవరి నెలాఖరులో ఐర్లండ్‌లో సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది. వాన, ఆ వానను అడ్డంగా మొహాన కొట్టే గాలి. సరిగ్గా అప్పుడే నేషనల్ లీగ్ మొదలవుతుంది, అంటే గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆటల్లో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జట్ల మధ్య పోటీ. అక్కణ్ణుంచి రెండు నెలలు సోమవారం పొద్దున ఏ ఆఫీసులో చూసినా, టీ నీళ్ళు కాగే చోట నిలబడ్డవాళ్ళ నోట నిన్నటి మ్యాచ్ మాటే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ మాటలు అర్థంకాక నా కప్పు పట్టుకుని నా సీటుకు వెళ్ళిపోయేదాన్ని. తర్వాత ఒక నోటుపుస్తకం కొన్నాను. వారానికో పేజీ రాయడం మొదలుపెట్టాను. రెండో ఏడాదికి ఆ గుంపులో నన్ను కూడా "నువ్వేమంటావ్?" అని అడగడం మొదలైంది.

ఇక్కడుంటున్న మన పిల్లలు చాలామంది స్కూల్లోనో, ఊరి క్లబ్బులోనో ఈ ఆటలు ఆడుతున్నారు. వాళ్ళతో కలిసి చూడాలనుకునే తల్లిదండ్రులకూ, ఎక్కడో కూర్చుని కొత్త ఆటను లోతుగా తెలుసుకోవాలనుకునే క్రీడాభిమానులకూ ఇది పనికొస్తుంది. ఒక్కటి ముందే చెబుతాను. లీగ్‌లో ఎవరు గెలిచారన్నది మనకు చాలా తక్కువ చెబుతుంది. ఎలా గెలిచారన్నదాంట్లోనే అంతా ఉంది.

1. ముందు స్కోరు చదవడం రావాలి

రెండు ఆటలకూ ఒకే మైదానం, పదిహేనేసి మంది ఆటగాళ్ళు, ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా నిలబడే గోల్‌పోస్టులు. అడ్డకర్ర కింద బంతి వలలోకి వెళితే గోల్, దానికి 3 పాయింట్లు. పైనుంచి వెళితే 1 పాయింటు. స్కోరు 2-11 అని రాస్తే రెండు గోల్స్, పదకొండు పాయింట్లు అని, మొత్తం 17. అవతలి జట్టు 0-18 కొడితే ఒక్క గోల్ కూడా లేకుండా గెలిచినట్టే. ఈ కూడిక తడుముకోకుండా వచ్చేదాకా ప్రతి స్కోరు పక్కనా మొత్తం రాసుకోండి.

ఫుట్‌బాల్‌లో 2025 లీగ్‌తో ఇంకో లెక్క వచ్చి చేరింది. గోల్‌కు 40 మీటర్ల దూరంలో గీసిన వంపుగీత బయటి నుంచి తన్ని పైనుంచి దాటిస్తే 2 పాయింట్లు. అంపైర్లు మామూలు పాయింటుకు తెల్లజెండా, గోల్‌కు ఆకుపచ్చ జెండా, ఈ రెండు పాయింట్ల కిక్కుకు నారింజ జెండా ఎత్తుతారు. హర్లింగ్‌లో ఈ నిబంధన లేదు.

హర్లింగ్ వేగం మొదట్లో కళ్ళకు అందదు. యాష్ కలపతో చేసిన హర్లీ, తోలు కుట్టిన చిన్న బంతి స్లిటర్. చిన్నప్పుడు కర్రాబిళ్ళ ఆడినవాళ్ళకు గాల్లో ఉన్నదాన్ని కర్రతో కొట్టడంలోని ఆనందం తెలుసు; ఇక్కడ అదే పని పరుగు మధ్యలో, మీద ఇద్దరు పడుతుండగా చేస్తారు. మొదటి రెండు మూడు మ్యాచ్‌లు ఏమీ రాయకుండా ఊరికే చూడండి. కన్ను అలవాటు పడాలి.

2. ఏ మ్యాచ్ చూడాలో పట్టిక చూసి ఎంచుకోండి

ఫుట్‌బాల్ లీగ్‌లో నాలుగు డివిజన్లు, ఒక్కోదాంట్లో ఎనిమిది జట్లు. ప్రతి జట్టుకూ ఏడు మ్యాచ్‌లు. గెలుపుకు 2, డ్రాకు 1. పైనున్న ఇద్దరు ఫైనల్‌కు, కిందనున్న ఇద్దరు దిగువ డివిజన్‌కు. కిల్కెనీ హర్లింగ్‌కే ప్రాణం పెట్టిన కౌంటీ కాబట్టి ఈ లీగ్‌లో ఆడదు. ఆ లోటును లండన్ జట్టు పూరిస్తుంది. హర్లింగ్‌లో 2025 నుంచి పై అంతస్తు ఏడేసి జట్ల రెండు విభాగాలు, 1ఎ, 1బి. వాటి కింద మిగతా డివిజన్లు.

కొత్తవాళ్ళు పెద్ద పేర్ల వెంట పడతారు. నా సలహా వేరు. మొదటి మూడు వారాలు ఒకే జట్టును పట్టుకోండి. మీరున్న కౌంటీ అయితే మరీ మంచిది. అదే జట్టును వరసగా చూస్తేనే ఈ వారానికీ పోయిన వారానికీ తేడా తెలుస్తుంది. మ్యాచ్‌లు ఆర్‌టీఈ, టీజీ4 ఛానళ్ళలో వస్తాయి. టీజీ4 వ్యాఖ్యానం ఐరిష్ భాషలో ఉంటుందని భయపడకండి. 'కూల్' అంటే గోల్, 'కూలీన్' అంటే పాయింటు. ఆ రెండు మాటలతో మ్యాచ్ మొత్తం నడిపేయొచ్చు.

3. ఆట మొదలవక ముందే మూడు ముక్కలు రాయండి

మొదటిది, జట్టు. ముందుగా ప్రకటించిన పదిహేను మందే మైదానంలోకి వస్తారని అనుకోవద్దు. చివరి నిమిషంలో మార్చడం ఇక్కడ మామూలే. బంతి పడ్డాక ఎవరెవరున్నారో చూసి సరిదిద్దుకోండి. జెర్సీ నంబరు స్థానాన్ని చెబుతుంది: 3 ఫుల్‌బ్యాక్, 6 సెంటర్‌బ్యాక్, 11 సెంటర్ ఫార్వర్డ్, 14 ఫుల్ ఫార్వర్డ్. కానీ 12 వేసుకున్న ఫార్వర్డ్ డిఫెన్స్‌లోకి దిగి ఆడుతుంటే, అదే ఆ వారం మేనేజర్ ఆలోచన. దాన్ని రాసుకోండి.

రెండోది, ఎవరు లేరు, ఎందుకు లేరు. వీళ్ళెవరూ జీతం తీసుకునే ఆటగాళ్ళు కారు. టీచర్లు, రైతులు, విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు. ఫిబ్రవరిలో యూనివర్సిటీల పోటీలు, ఫుట్‌బాల్‌లో సిగర్సన్ కప్, హర్లింగ్‌లో ఫిట్జ్‌గిబన్ కప్, ఇదే సమయంలో జరుగుతాయి. జనవరిలో క్లబ్ స్థాయి ఆల్ ఐర్లండ్ (దేశమంతటి ఛాంపియన్‌షిప్) ఫైనల్స్ ఆడినవాళ్ళకు కాస్త విశ్రాంతి ఇస్తారు. ఇవి చూడకుండా "ఫలానా జట్టు పని అయిపోయింది" అని మొదటి వారమే తీర్పు చెప్పేవాళ్ళ మాట ఏప్రిల్ దాకా కూడా నిలవదు.

మూడోది, గాలి. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి.

4. గాలిని లెక్కలోకి తీసుకోకపోతే ఏ లెక్కా నిలవదు

పంట తూర్పారబట్టేటప్పుడు మన రైతు ముందు చూసేది గాలి వాటమే. లీగ్ మ్యాచ్ చూసేవాళ్ళకూ అంతే. చాలా మైదానాలు నాలుగువైపులా తెరిచే ఉంటాయి. ఫిబ్రవరి గాలి ఒక గోల్ వైపు నుంచి ఇంకో గోల్ వైపుకు వీస్తే, రెండు సగాలూ రెండు వేరే మ్యాచ్‌లన్నట్టు ఉంటాయి. పేజీ పైన ఒక బాణం గీయండి: మొదటి సగంలో గాలి ఎవరి వెనక?

ఫుట్‌బాల్‌లో రెండు పాయింట్ల నిబంధన వచ్చాక దీని బరువు ఇంకా పెరిగింది. గాలి వెనకున్న జట్టు 40 మీటర్ల అవతల నుంచి తన్నుతూ పోతుంది. ఉదాహరణకు విరామానికి ఒక జట్టు 0-14, రెండోది 0-7 అనుకోండి. ఏడు పాయింట్ల ఆధిక్యం. కానీ ఆ 14లో నాలుగు నారింజ జెండాలుంటే, ఎనిమిది పాయింట్లు గాలి మోసుకొచ్చినవే కావచ్చు. రెండో సగంలో అదే గాలి ఎదుటివాళ్ళ వెనకుంటుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎంత ముందున్నారు?" అని కాదు, "గాలి ఇచ్చినదాన్ని ఎంత వాడుకోగలిగారు?" అని. ఎదురుగాలిలో బంతిని చేతిలో పెట్టుకుని, ఓపిగ్గా పాసులిస్తూ తొమ్మిది పది పాయింట్లు తెచ్చుకున్న జట్టును నేను ఎక్కువ నమ్ముతాను, ఓడిపోయినా సరే.

5. బంతి తిరిగి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒక గీత గీయండి

ఒక్క పనే చేసే ఓపికుంటే ఇదే చేయండి. ప్రతి స్కోరు తర్వాత, ప్రతి వైడ్ (గురి తప్పి పక్కకు పోయిన బంతి) తర్వాత గోల్‌కీపర్ బంతిని మళ్ళీ ఆటలోకి పంపుతాడు. ఫుట్‌బాల్‌లో దాన్ని కికౌట్ అంటారు, హర్లింగ్‌లో పకౌట్. ఒక మ్యాచ్‌లో ఇది పదుల సార్లు జరుగుతుంది. బంతి ఎవరికి దక్కిందో వాళ్ళకే తర్వాతి అవకాశం.

పేజీని నాలుగు గళ్ళు చేయండి: మన కికౌట్ మనమే గెలిచాం, మన కికౌట్ పోగొట్టుకున్నాం, వాళ్ళది వాళ్ళే గెలిచారు, వాళ్ళది మనం లాక్కున్నాం. ఊడ్పుకూలీల లెక్కలాగా అయిదేసి గీతలు కట్టలు కట్టండి. సగానికో వరస.

ఫుట్‌బాల్‌లో ఇదివరకు కీపర్ పక్కనున్న డిఫెండర్‌కు చిన్న పాసు ఇచ్చి ఊపిరి పీల్చుకునేవాడు. ఇప్పుడు కికౌట్ ఆ 40 మీటర్ల వంపుగీతను దాటి తీరాలి. అందుకే మైదానం మధ్యలో పైకెగిరి బంతి పట్టే పొడగరులకు మళ్ళీ విలువ వచ్చింది. కింద పడ్డ బంతిని ఎగరేసుకుపోయేవాళ్ళకు ఇంకా విలువ వచ్చింది. వరసగా మూడు కికౌట్లు పోగొట్టుకున్న జట్టు నాలుగో నిమిషం తిరిగేసరికి అయిదారు పాయింట్లు సమర్పించుకోవడం తరచూ చూస్తాం. ఆ వరసల చుట్టూ సున్నా చుట్టి, సమయం రాయండి. సోమవారం నాటి చర్చకు అసలు సరుకు ఆ సున్నాల్లోనే ఉంటుంది.

హర్లింగ్‌లో పకౌట్‌ను మైదానం సగం దాటించి కొట్టగలరు. కీపర్ దగ్గరలోని కార్నర్‌బ్యాక్‌కు ఇచ్చి మొదలుపెడుతున్నాడా, నేరుగా హాఫ్ ఫార్వర్డ్ లైన్ మీదికి కొడుతున్నాడా, ఒత్తిడి పెరిగినప్పుడు ఏది మార్చాడు, ఇవి గమనించండి.

6. స్కోరును సగాలుగా విడగొట్టండి

దీనికి 2025లో కౌంటీల వేసవి ఛాంపియన్‌షిప్ ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ కన్నా మంచి పాఠం నాకు కనపడదు. జూలై 20న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో టిప్పరేరీ, కార్క్ తలపడ్డాయి. ఫలితం టిప్పరేరీ 3-27, కార్క్ 1-18. ఈ ఒక్క వరస చదివినవాళ్ళు ఏకపక్షంగా సాగిందనుకుంటారు. విరామానికి కార్క్ 1-16, టిప్పరేరీ 0-13. అంటే కార్క్‌దే ఆరు పాయింట్ల ఆధిక్యం. రెండో సగం విడిగా రాస్తే టిప్పరేరీ 3-14, కార్క్ 0-2. ముప్పై అయిదు నిమిషాల పైచిలుకు ఆటలో కార్క్‌కు దక్కినవి రెండంటే రెండు పాయింట్లు. టిప్పరేరీ కీపర్ రీస్ షెలీ ఒక పెనాల్టీ ఆపి, తానే ఒక పాయింటు కూడా కొట్టాడు. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టాకే "విరామంలో ఏం మారింది?" అనే సరైన ప్రశ్న పుడుతుంది.

ఆ ఏప్రిల్‌లో లీగ్ ఫైనల్ ఇదే రెండు జట్ల మధ్య జరిగింది. కార్క్ 3-24, టిప్పరేరీ 0-23. పది పాయింట్ల గెలుపు. లీగ్ పేజీలను జూలైలో ఎంత జాగ్రత్తగా చదవాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

సగాలతో పాటు, ఫుట్‌బాల్‌లో ఎవరికైనా బ్లాక్ కార్డు (పది నిమిషాలు మైదానం బయట కూర్చోబెట్టే శిక్ష) పడితే ఆ పది నిమిషాల స్కోరు విడిగా రాయండి. పద్నాలుగు మందితో ఆడిన ఆ ముక్క జట్టు క్రమశిక్షణ చెబుతుంది. బెంచి నుంచి వచ్చినవాళ్ళు ఎన్ని పాయింట్లు తెచ్చారో కూడా. అయిదుగురిని మార్చుకోవచ్చు, లీగ్‌లో మేనేజర్లు అసలు వెతుకుతున్నది ఆ అయిదుగురి కోసమే.

7. పట్టికకు మెలికలున్నాయి

రెండు జట్లు పట్టికలో సమానంగా ఉంటే వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు. మూడో అంతకన్నా ఎక్కువో జట్లయితే స్కోరు తేడా. కాబట్టి పన్నెండు పాయింట్లతో ఓడుతున్న జట్టు చివరి నిమిషంలో ఒక్క పాయింటు కోసం పాకులాడితే దాన్ని వృథా ప్రయాస అనకండి. ఫుట్‌బాల్‌లో లీగ్ స్థానాన్ని బట్టి కొన్ని కౌంటీలకు వేసవిలో ఆల్ ఐర్లండ్ మొదటి అంచె అయిన శామ్ మగ్వైర్ కప్ ఆడాలా, రెండో అంచె టాల్చన్ కప్ ఆడాలా అన్నది తేలుతుంది. రెండో, మూడో డివిజన్ మ్యాచ్‌లు అంత ఉద్వేగంగా ఉండడానికి కారణం అదే. నన్నడిగితే అవే చూడమంటాను.

8. చర్చలో ఎలా మాట్లాడాలి

అంకెతో మొదలుపెట్టి ప్రశ్నతో ముగించండి. "మిడ్‌ఫీల్డ్ బాగోలేదు" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "రెండో సగంలో మన కికౌట్లు పన్నెండింటిలో ఏడు పోయాయి. అవన్నీ ఎడమవైపే పడ్డాయి. అక్కడెందుకు కొడుతున్నాడంటారు?" అని అడగండి. నలభై ఏళ్ళుగా మ్యాచ్‌లు చూస్తున్న పెద్దాయన వెంటనే కుర్చీ మీ వైపు తిప్పుకుంటాడు. ఆయన చెప్పేది మీ నోటుపుస్తకంలో ఉండదు: ఆ కుర్రాడు ఏ క్లబ్బువాడు, వాళ్ళ నాన్న ఏ స్థానంలో ఆడేవాడు, పోయిన ఏడాది మోకాలికి ఆపరేషన్ అయిందా. ఇవి వినండి.

ఆటగాణ్ణి తిట్టకండి. పొద్దున తరగతిలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం గంటన్నర కారు నడిపి ప్రాక్టీసుకు వెళ్ళే మనిషి అతను. మీ పక్క టేబుల్‌లో కూర్చున్నది అతని మేనత్త కావచ్చు. ఇక్కడ కౌంటీ అంటే అంత దగ్గరితనం. ఆట గురించి ఎంత ఘాటుగానైనా మాట్లాడండి, మనిషిని వదిలేయండి.

9. ఏడు పేజీలూ వరసగా పరచండి

ఫుట్‌బాల్ జట్టైతే మార్చి చివర మీ పుస్తకంలో ఏడు పేజీలుంటాయి. గెలుపోటముల గడి చేత్తో మూసి, కికౌట్ల గళ్ళు, ఎదురుగాలి సగం స్కోర్లు, బెంచి పాయింట్లు మాత్రం చూడండి. వారం వారం పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

లీగ్ కప్పు వేసవిని ఒక్కోసారి సరిగ్గానే చెబుతుంది. 2024లో క్లేర్ హర్లింగ్ లీగ్, ఆల్ ఐర్లండ్ రెండూ గెలిచింది. 2025లో ఫుట్‌బాల్‌లో కెర్రీ అదే చేసింది. ఒక్కోసారి అసలు చెప్పదు. 2024 ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి డివిజన్ డెరీ గెలిచింది. ఆర్మా అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది, అక్కడ ఫైనల్ డనెగాల్ చేతిలో ఓడింది కూడా. జూలైలో ఆల్ ఐర్లండ్ ఫైనల్‌లో గాల్వేను 1-11, 0-13తో ఒక్క పాయింటు తేడాతో ఓడించి కప్పు ఎత్తింది ఆ ఆర్మానే.

చివరి రౌండు రోజు ఒక డివిజన్‌లోని మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి మొదలవుతాయి. ఒకటి టీవీలో, ఒకటి రేడియోలో పెట్టుకుని, పట్టికను పెన్సిల్‌తో రాయండి. పది నిమిషాలకోసారి చెరపాల్సి వస్తుంది. ఆ రాత్రి ఎనిమిదో పేజీలో ఒకే ఒక్క వాక్యం రాయండి: జూలైలో క్రోక్ పార్క్‌లో చివరిదాకా నిలిచే రెండు జట్లేవి, ఏ గడి చూసి అలా అనుకుంటున్నారు. తేదీ వేసి, ఫైనల్ పొద్దుటిదాకా ఆ పేజీ తెరవకండి.