వాతావరణ శాస్త్రవేత్తపై స్మృతి వ్యాసం రాయడం ఎలా?

పేరున్న వాతావరణ శాస్త్రవేత్త కన్నుమూసినప్పుడు స్మృతి వ్యాసం రాసే బాధ్యత సాధారణంగా శిష్యుడి మీదో సహోద్యోగి మీదో పడుతుంది, అదీ ఒకటి రెండు రోజుల గడువుతో. ఆ తొందరలో ‘ఎనలేని సేవ’, ‘తీరని లోటు’ వంటి మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వాటిని కొట్టివేసి, ఆయన ఈ రంగంలోకి వచ్చేనాటికి ఏది తెలియదో, ఆయన కృషి వల్ల ఏది తెలిసిందో ముందుగా రెండు వాక్యాల్లో రాసుకోవాలి. అవి కుదరకపోతే ఆయన పరిశోధన పత్రాలను మరోసారి చదవవలసి ఉందన్నమాట.

పుట్టిన తేదీ, చదువు, పదవుల వివరాలను కుటుంబంతోను, ఆయన పనిచేసిన సంస్థతోను సరిచూసుకోవాలి. పురస్కారాలకు ఒక వాక్యం చాలు. చివరి రోజుల అనారోగ్యం గురించి కుటుంబం సమ్మతించిన మేరకే రాయాలి.

అసలు శ్రమంతా పరిశోధనను వివరించడంలోనే ఉంది. పది అంశాలను ఏకరువు పెట్టడం కంటే ఒకదాన్ని పాఠకుడి కళ్లకు కట్టించడం మేలు. ఉదాహరణకు తుపాను గాలులను పరిశోధించిన శాస్త్రవేత్త టెట్సుయా ఫుజితా గురించి రాస్తూ ‘మైక్రోబరస్ట్‌లను గుర్తించారు’ అని ఊరుకుంటే సామాన్య పాఠకుడికి ఏమీ అందదు. ఉరుముల మేఘం నుంచి బలమైన గాలి నిలువునా కిందికి దిగి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుందని, నేలకు దిగుతున్న విమానానికి అది మొదట ఎదురుగాలిగా తగిలి, క్షణాల్లో వెనుకగాలిగా మారి ఎత్తును పోగొడుతుందని, 1975లో న్యూయార్క్‌లో జరిగిన విమాన ప్రమాదాన్ని పరిశీలించి ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు తోటి శాస్త్రవేత్తల్లో పలువురు నమ్మలేదని, తరువాతి రాడార్ పరిశీలనలు ఆయన మాటను రుజువు చేశాయని రాస్తే, ఆ పని విలువ విశేషణాల సాయం లేకుండానే తెలుస్తుంది.

తప్పిన అంచనాలను దాచవలసిన అవసరం లేదు; అంచనాలు వేసే శాస్త్రంలో అవి లేని జీవితం ఉండదు. వాతావరణాన్ని గణిత సమీకరణాలతో అంచనా వేయడానికి ప్రయత్నించిన బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ చేత్తో లెక్కకట్టిన అంచనా ఆరు గంటల్లో గాలి పీడనం 145 హెక్టోపాస్కల్‌లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మారుతుందని చూపింది. వాస్తవంలో పీడనం దాదాపు కదలనే లేదు. ఆ ఫలితాన్ని 1922లో ఆయనే తన పుస్తకంలో అచ్చువేశారు. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌పై తొలి అంచనాలను లెక్కకట్టిన వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ బృందానికి ఆ వైఫల్యమే ఒక పాఠమైంది. ఇలాంటి సంగతిని వదిలేస్తే రిచర్డ్‌సన్ గొప్పతనంలో సగం పోయినట్టే.

తుది తీర్పు చెప్పడానికి మాత్రం తొందరపడకూడదు. భారతదేశంలో వాతావరణ పరిశీలన శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ రుతుపవనాలను ముందుగా అంచనా వేయాలనే ప్రయత్నంలో దక్షిణ డోలనాన్ని, అంటే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఒకవైపు పెరిగితే మరోవైపు తగ్గే ఊగిసలాటను గుర్తించారు. 1958లో ఆయన మరణించాక వచ్చిన ఒక స్మృతి వ్యాసం, ఆయన ఆశించినట్టు ప్రపంచ వాతావరణ సిద్ధాంతానికి, దూర ప్రాంతాల వాతావరణాల మధ్య ఆయన కనిపెట్టిన ఇలాంటి సంబంధాలు పునాది అయ్యేలా లేవని సందేహించింది. 1969లో వాతావరణ శాస్త్రవేత్త జేకబ్ బ్యెర్క్‌నెస్ ఆ డోలనాన్ని ఎల్ నినోతో, అంటే పసిఫిక్ సముద్రజలాలు కొన్నేళ్లకోసారి వేడెక్కడంతో ముడిపెట్టి, పసిఫిక్ మీది గాలుల ప్రసరణకు వాకర్ పేరే పెట్టారు. కనుక ఫలితం తేలని పనిని ‘ఇంకా తేలలేదు’ అనే రాయాలి, ‘ఫలించలేదు’ అని కాదు.

శాఖ మొత్తం చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేయడం ఈ వ్యాసాల్లో తరచుగా కనిపించే అన్యాయం. తుపాను హెచ్చరిక వెనుక పరిశీలకులు, రాడార్ సిబ్బంది, మ్యాపులు గీసినవారు ఉంటారు. సహరచయితలను పేర్లతో ప్రస్తావించాలి.

చివరగా, సమాచారం కోసం కుటుంబాన్ని కలిసినప్పుడే, ఆయన నోటు పుస్తకాలు, చేత్తో గీసిన వాతావరణ మ్యాపులు, రీడింగుల పట్టికలు ఉంటే పారవేయవద్దని, ఏదైనా సంస్థ గ్రంథాలయానికో అభిలేఖాగారానికో అప్పగించమని కోరాలి. పాత పీడన రీడింగులు, ఓడల లాగ్ పుస్తకాలు గడిచిన శతాబ్దాల వాతావరణాన్ని కంప్యూటర్లపై పునర్నిర్మించడానికి నేటికీ పనికివస్తున్నాయి.