ఒక్క కమాండ్‌కే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇవ్వడం ఎలా?

ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే దాని చేతికి ఎన్విరాన్‌మెంట్ (పేరు=విలువ జతల జాబితా) నకలు ఒకటి అందుతుంది. ఆ తర్వాత టెర్మినల్‌లో మీరేం మార్చినా దానికి తెలియదు. అది తన నకలులో ఏం మార్చుకున్నా మీ షెల్‌కు (మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌కు) అంటదు. వేరియబుల్స్‌తో వచ్చే చిక్కుల్లో చాలావాటికి ఈ నకలే కారణం. మిగతావి షెల్ లైనును చదివే వరుస వల్ల వస్తాయి.

ఇక్కడ కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడండి: వేరియబుల్ పేర్లు పెద్ద అక్షరాల్లో, కమాండ్ పేర్లు, ఆప్షన్లు చిన్న అక్షరాల్లో. విలువల్లో ఏషియా, టోక్యో మొదటి అక్షరాలు, యూటీసీ, ఎల్‌సీ_ఆల్ విలువైన సి పెద్ద అక్షరాలే.

బ్యాష్‌లో, జెడ్‌షెల్‌లో (రెండూ షెల్ రకాలే) పద్ధతి ఒకటే, వేరియబుల్‌ను కమాండ్‌కు ముందు రాయడం. టైమ్ జోన్‌ను చెప్పే టీజెడ్‌తో ఉదాహరణ:

టీజెడ్=ఏషియా/టోక్యో డేట్

టోక్యో సమయం కనిపిస్తుంది. తర్వాత ఉత్త డేట్ కొడితే మళ్లీ మీ సమయమే వస్తుంది. ఒకటికి మించి కావాలంటే మధ్యలో స్పేస్ ఇచ్చి వరుసగా రాయవచ్చు. ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ మాత్రం స్పేస్ ఉండకూడదు. గుర్తుకు ముందు ఉంటే షెల్ టీజెడ్‌నే కమాండ్ అనుకుని "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. విలువలోనే స్పేస్ ఉంటే దాన్ని కోట్స్‌లో పెట్టండి. ఇంకో జాగ్రత్త: లినక్స్‌లో ఊరి పేరు స్పెల్లింగ్ తప్పితే డేట్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, మౌనంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం చూపిస్తుంది.

వేరియబుల్ అందిందో లేదో చూడటానికి చాలామంది ఇలా కొడతారు:

టీజెడ్=యూటీసీ ఎకో $టీజెడ్

ఖాళీ లైను వస్తుంది, లేదా పాత విలువ వస్తుంది. వేరియబుల్ పనిచేయలేదని కాదు. డాలర్ గుర్తున్న చోట విలువను షెల్ ముందే నింపేస్తుంది. కొత్త విలువ అప్పటికింకా అమల్లోకి రాలేదు. విలువను తానే చదివి చూపే ప్రింట్ఎన్వ్‌తో సరైన పరీక్ష ఇది:

టీజెడ్=యూటీసీ ప్రింట్ఎన్వ్ టీజెడ్

విలువను మీ షెల్ నుంచి మొదలయ్యే పిల్ల షెల్‌తో చదివించాలంటే బ్యాష్ -సి తర్వాత కమాండ్‌ను సింగిల్ కోట్స్‌లో ఇవ్వండి. డబుల్ కోట్స్ పెడితే మళ్లీ పాత కథే, మీ షెల్ ముందే నింపేస్తుంది.

వేరియబుల్‌కూ కమాండ్‌కూ మధ్యలో సెమికోలన్ గానీ && గానీ పడితే అర్థం పూర్తిగా మారిపోతుంది. అప్పుడది ప్రస్తుత షెల్‌లోని మామూలు వేరియబుల్. ఎక్స్‌పోర్ట్ (ఎన్విరాన్‌మెంట్‌లో చేర్చడం) చేయనంతవరకు పక్క కమాండ్‌కు చేరదు. ఆ పేరు ముందే ఎక్స్‌పోర్ట్ అయి ఉంటే చేరుతుంది, కానీ సెషన్ అంతా కొత్త విలువే నిలిచిపోతుంది. ఒకరి మెషీన్‌లో పనిచేసిన లైను ఇంకొకరి దగ్గర పనిచేయకపోతే ముందు దీన్నే అనుమానించండి.

పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతిదానికి పంపే | గుర్తు) ఉంటే, మొదట రాసిన విలువ మొదటి కమాండ్‌కే వర్తిస్తుంది. ఎల్‌సీ_ఆల్=సి (భాషా, అక్షర క్రమ సెట్టింగ్ అయిన లొకేల్‌ను మార్చేది) ఇచ్చి సార్ట్ చేసి, ఫలితాన్ని, రెండు ఫైళ్లను కలిపే జాయిన్‌కు పంపితే జాయిన్ పాత లొకేల్‌లోనే నడుస్తుంది, వరుస సరిగా లేదని ఫిర్యాదు చేయవచ్చు. పైప్ దాటాక జాయిన్ ముందు కూడా ఎల్‌సీ_ఆల్=సి రాయాలి.

సుడో (కమాండ్‌ను రూట్, అంటే అడ్మిన్ హక్కులతో నడిపేది) సంగతి వేరు. వేరియబుల్‌ను సుడోకు ముందు రాస్తే, సాధారణ సెట్టింగ్స్‌లో సుడో చాలావాటిని వడగట్టేస్తుంది. సుడో తర్వాత ఎన్వ్ కమాండ్‌తో ఇవ్వండి:

సుడో ఎన్వ్ ఎల్‌సీ_ఆల్=సి ./స్క్రిప్ట్

ఎన్వ్ మామూలుగానూ పనికొస్తుంది. ఎన్వ్ -ఐ ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో నడుపుతుంది; ఎన్వ్ -యు పక్కన రాసిన పేరును తీసేస్తుంది. తీసేయడం, ఖాళీ చేయడం ఒకటి కాదు. ఈక్వల్ తర్వాత ఏమీ రాయకపోతే వేరియబుల్ ఖాళీ విలువతో ఉన్నట్టే లెక్క, కొన్ని ప్రోగ్రాములకు అది ఉంటే చాలు. అలాగే డీబగ్=ఫాల్స్ రాసి నిశ్చింతగా ఉండకండి: ఫాల్స్ కూడా ఖాళీ కాని స్ట్రింగే కాబట్టి చాలా ప్రోగ్రాములు దాన్ని "అవును" అనే తీసుకుంటాయి.

ఫిష్ షెల్‌లో ఈ ముందు రాసే పద్ధతి 3.1 వెర్షన్ నుంచి ఉంది. అంతకు పాతదైతే ఎన్వ్ వాడాలి. విండోస్ పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్‌కు పరిమితమైన రూపం లేదు. $ఎన్వ్:పేరు = 'విలువ' అని రాస్తే సెషన్ ముగిసేదాకా ఉంటుంది, పని కాగానే రిమూవ్-ఐటెమ్ ఎన్వ్:పేరు తో తీసేయండి. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ వాడి పక్కనే && పెడితే, దాని ముందున్న స్పేస్ కూడా విలువలో కలిసిపోతుంది. కంటికి కనబడని ఈ స్పేస్‌ను పట్టుకోవడం కష్టం. అందుకే పేరు=విలువ మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టండి.

పాస్‌వర్డ్, టోకెన్ లాంటివాటిని లైనులో నేరుగా రాయవద్దు, అవి షెల్ హిస్టరీ ఫైల్లోకి వెళ్తాయి. సుడో ఎన్వ్ పక్కన రాస్తే ఇంకా ప్రమాదం: కమాండ్ నడిచినంతసేపూ అవి సుడో ఆర్గ్యుమెంట్లుగా పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాములను చూపే కమాండ్) జాబితాలో ఇతర యూజర్లకూ కనబడవచ్చు. బ్యాష్‌లో, జెడ్‌షెల్‌లో ఇలా చేయండి:

రీడ్ -ఆర్ఎస్ టోకెన్
టోకెన్="$టోకెన్" ./అప్‌లోడ్
అన్‌సెట్ టోకెన్

మొదటి లైను దగ్గర షెల్ ఆగుతుంది. టోకెన్ అతికించి ఎంటర్ కొట్టండి. తెరమీద ఏమీ కనబడదు, హిస్టరీలోకీ వెళ్లదు. అయితే ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపు, లినక్స్‌లో అదే యూజర్‌గానీ రూట్‌గానీ ప్రాక్ డైరెక్టరీలోని ఎన్విరాన్ ఫైలు నుంచి దాన్ని చదవగలరు. అది కూడా కుదరదనుకుంటే, ప్రోగ్రామ్‌కు టోకెన్‌ను ఫైలు నుంచి చదివే ఆప్షన్ ఉందేమో చూసి, ఆ ఫైలుకు 600 పర్మిషన్ (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేది) పెట్టండి.