మౌఖిక చరిత్రను ప్రాథమిక ఆధారంగా వాడుకోవడం ఎలా?

మౌఖిక చరిత్ర అంటే మనుషులు తమ జ్ఞాపకాలను నోటితో చెప్పగా ఇంటర్వ్యూల రూపంలో నమోదు చేసినది; అలా చెప్పిన ప్రతి మౌఖిక కథనంలోనూ సంఘటన జరిగిన కాలంతో పాటు దానిని గుర్తు చేసుకుని చెప్పిన కాలం కూడా కలిసి ఉంటుంది. అందువల్ల ఇంటర్వ్యూను చేతిలోకి తీసుకోగానే ఆ రెండు తేదీలనూ, చెప్పినవారి వయసునూ, అడిగినవారు ఎవరన్నదీ, ఎవరి తరఫున అడిగారన్నదీ రాసిపెట్టుకోవాలి.

ఎవరు అడిగారన్నది చిన్న విషయం కాదు. ఒకప్పుడు బానిసలుగా బతికినవారి జ్ఞాపకాలను అమెరికాలో 1936–38 మధ్య ప్రభుత్వ పథకం కింద సేకరించినప్పుడు, చార్లెస్టన్‌లో ఒకే వృద్ధురాలిని ఒక తెల్లజాతి మహిళా, ఒక నల్లజాతి పురుషుడూ వేర్వేరుగా కలిశారు. మొదటి కథనంలో యజమాని మంచివాడు. రెండవదానిలో కొరడా దెబ్బలు, అయినవారిని విడదీసి అమ్మేస్తుంటే రాత్రింబవళ్లు వినిపించిన ఏడుపులు ఉన్నాయి. ఒక్కదానినే చదివినవారికి ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

రికార్డింగు దొరికితే రాతప్రతితో సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే జవాబుకు ముందు వచ్చిన మౌనం కాగితం మీదికి సాధారణంగా ఎక్కదు. ప్రశ్నను కూడా పరీక్షించాలి: “అప్పుడు చాలా భయపడ్డారు కదా?” అన్నదానికి “అవును” అని వస్తే, ‘భయం’ అన్న మాట అడిగినవారిదే. చెప్పినవారు కళ్లారా చూసినదేదో, ఇతరుల నోట విన్నదేదో విడివిడిగా గుర్తించుకోవాలి.

ఆ తరువాత పత్రికలతో, రికార్డులతో, ఇతరుల కథనాలతో సరిపోల్చాలి. పొంతన కుదరనిచోటే అసలు పని మొదలవుతుందని నా అభిప్రాయం. ఇటలీలోని తెర్నీలో లుయీజీ త్రాస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న, నాటో వ్యతిరేక ప్రదర్శన సందర్భంగా పోలీసులతో జరిగిన ఘర్షణలో మరణించాడు. చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి తరువాతి దశాబ్దాలలో అక్కడివారిని అడిగితే, చాలామంది ఆ మరణాన్ని 1953లో కార్మికులను సామూహికంగా ఉద్యోగాల నుంచి తొలగించినందుకు వ్యతిరేకంగా సాగిన పోరాటంలో జరిగినట్లు చెప్పారు. తేదీ విషయంలో రికార్డులనే నమ్మాలి. అయితే అంతమంది జ్ఞాపకం ఒకే వైపు మళ్లడం మరొక ప్రశ్నకు ఆధారం: తోటివాడి చావుకు ఆ ఊరి కార్మికులు ఏ అర్థం ఇచ్చుకున్నారు? కాబట్టి పొరపాటును కొట్టివేయకుండా, నిజమని రాసేయకుండా, అది ఏ ప్రశ్నకు జవాబు కాగలదో తేల్చుకోవాలి.

ఉటంకించేటప్పుడు చెప్పినవారు, అడిగినవారు, తేదీ, భద్రపరచిన చోటు, రికార్డింగులో ఆ మాట వచ్చే నిమిషం ఇవ్వాలి. చెప్పినవారు కొంత భాగాన్ని బయటపెట్టవద్దని షరతు పెట్టి ఉంటే, అది మన వాదనకు ఎంత అవసరమైనా వాడకూడదు.