కిడ్నీ రాయి మళ్లీ రాకుండా: తాగిన నీళ్లు కాదు, పోసిన మూత్రం కొలవండి

ఒకసారి రాయి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తుంది. ఎక్కువగా వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు, అంటే కాల్షియం, ఆకుకూరల్లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కలిసి గట్టిపడినవి. ఏ తిండీ వీటిని కరిగించదు, ఉలవచారు కూడా అంతే. కొత్తది పుట్టకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

అందరూ "నీళ్లు బాగా తాగు" అనే చెప్తారు. కొలవాల్సింది మూత్రాన్ని. రోజుకు రెండున్నర లీటర్లు రావాలి. పనికి పోయే రోజునే చూడండి, ఇంట్ల నీడపట్టున ఉన్న రోజు కాదు. పొద్దున లేచాక మొదటి మూత్రం వదిలేసి, అక్కడి నుంచి మర్నాటి పొద్దుటి మూత్రంతో సహా గీతలున్న ప్లాస్టిక్ జగ్గులో కొలిచి రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో కల్లం కాడ వడ్లు ఎండబోసే మనిషి నాలుగు లీటర్లు తాగినా చెమటకే పోయి, మూత్రం లీటరు దాటకపోవచ్చు. ఎంత తగ్గిందో అంత కలిపి తాగాలి, అదీ ఒక్కసారే కాదు, గంటగంటకు ఒక గ్లాసు. రాత్రి మూత్రం చిక్కబడుతుంది కాబట్టి పడుకునే ముందు ఒక గ్లాసు, లేచినప్పుడు ఇంకోటి. గుండె బలహీనత, కిడ్నీ వైఫల్యం ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా నీళ్లు పెంచొద్దు.

ఇక పెద్ద పొరపాటు: రాయిలో కాల్షియం ఉందని పాలు, పెరుగు మానేయడం. దయచేసి మానకండి. ఆకుకూరలో ఉండే ఆక్సలేట్‌ను పెరుగులోని కాల్షియం పేగుల్లోనే పట్టుకుంటుంది, రెండూ కలిసి మలంలో పోతాయి. కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ రక్తంలోకి చేరి, కిడ్నీలోకి వస్తుంది. అందుకే పాలకూర పప్పు తిన్న పూటే కప్పు పెరుగో, గ్లాసు సల్లో ఉండాలి, రెండు గంటల తర్వాత కాదు. సల్లలో ఉప్పు వేయొద్దు. డాక్టర్ కాల్షియం గోలీ రాస్తే, ఖాళీ కడుపున కాకుండా అన్నంతో వేసుకోవాలా అని అడగండి.

పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, బీట్‌రూట్, బాదం పప్పుల్లో ఆక్సలేట్ ఎక్కువ. పాలకూరను నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. సొరకాయ, బీరకాయ, క్యాబేజీ నిశ్చింతగా తినొచ్చు. టమాట గింజలతో రాళ్లొస్తాయన్న మాట నిజం కాదు.

ఉప్పు సంగతి లెక్కతో చూద్దాం. మనిషికి రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్ అయిపోతుందంటే, మామిడి తొక్కు, అప్పడాలు, బయటి చిరుతిండి లెక్కలోకి రాకముందే హద్దు దాటినట్టు. ఉప్పు ఎక్కువైతే కిడ్నీ సోడియంతో పాటు కాల్షియంను కూడా మూత్రంలోకి వదులుతుంది. పచ్చిపులుసు మంచిదే కానీ ఉప్పు చూసి వేయండి.

రోజుకు రెండు నిమ్మకాయల రసం నీళ్లలో కలిపి, ఉప్పూ చక్కెరా లేకుండా తాగండి. అందులోని సిట్రేట్ స్ఫటికాలను అతుక్కోనివ్వదు. కోలా డ్రింకులు వద్దు. మాంసం పూర్తిగా మానక్కరలేదు, కానీ దావత్‌లో కడుపునిండా తింటే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, సిట్రేట్ తగ్గుతుంది. పూటకు వంద గ్రాములకు మించకుండా, కార్జం, బోటి ఇంకా తక్కువగా తినండి. విటమిన్ సి గోలీలు సొంతంగా వాడొద్దు, అది ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది.

రాయి పడిపోయే రోజుల్లో మూత్రాన్ని టీ జల్లెడతో వడకట్టి, దొరికిన ముక్కను చిన్న డబ్బాలో ల్యాబ్‌కు ఇవ్వండి. యూరిక్ యాసిడ్ రాయి, ఇన్ఫెక్షన్ రాయి అయితే చికిత్స వేరే ఉంటుంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా అదే గంటలో ఆసుపత్రికి పోవాలి. తిండి మార్చాక ఆరు నెలల్లోపు 24 గంటల మూత్ర పరీక్ష (రోజంతా పట్టిన మూత్రాన్ని ల్యాబ్‌లో చూసేది) చేయించి, ముందు చేయించిన రిపోర్టు ఉంటే పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి.